మేత మానేసిన ఆవుకి ఏ పరీక్ష? చెవి, అయస్కాంతం, ఎక్స్‌రే, స్కానింగ్

ఆవు ఈని మూడు వారాలైంది. నాలుగు రోజులుగా దాణా ముట్టడం లేదు, చొప్ప ఏదో కొరికాననిపిస్తోంది, నెమరు తగ్గింది, పాలు సగానికి పడిపోయాయి. కాల్షియం ఎక్కించారు, ఆకలి పొడి తాపారు, ఇంజెక్షన్లు అయ్యాయి. ఇప్పుడు ఒకరు తిరుపతికి తోలి స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చేయించమంటారు. ఇంకొకరు తీగ మింగుంటుంది, ఎక్స్‌రే తీయించమంటారు. మూడో ఆయన కోసి చూడ్డమే మేలంటాడు. ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు, కాకపోతే ముగ్గురూ మూడు వేరు వేరు జబ్బుల్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

ఈ గొడవలో ఎక్కువ మంది పొరబడేది ఒక్క చోట. స్కానింగ్‌లో తీగ కనపడదు, తీగ చేసిన గాయం కనపడుతుంది. ఎక్స్‌రేలో తీగ కనపడుతుంది, గాయం అంతగా కనపడదు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారని తీగ లేదనుకుని ఇంటికి మళ్ళినవాళ్ళూ, ఎక్స్‌రేలో మేకు కనపడగానే జబ్బు అదేనని తీర్మానించినవాళ్ళూ ఇద్దరూ ఒకే రకంగా నష్టపోతారు.

## పరీక్షకి ముందు తేల్చుకోవలసినవి

మొదట, అనుమానం దేని మీద? ఆవు కడుపు జబ్బుల్ని మోటుగా మూడు కుప్పలు పోయొచ్చు. ఒకటి, లోపలి సరుకు చెడిపోవడం: పెళ్ళి భోజనాల్లో మిగిలిన అన్నం, గుజ్జు ఫ్యాక్టరీల మామిడి తొక్కు, ధర పడిపోయినప్పుడు గంపలకొద్దీ పోసిన టమాటా, ఇవి ఎక్కువై పెద్ద పొట్ట (రూమెన్) పులిసిపోవడం. రెండు, చోటు మారడం: ఈనిన తర్వాత నాలుగో పొట్ట (అబొమేసం) గాలి నిండి ఎడమకో కుడికో జరగడం, పేగు మెలిపడడం. మూడు, బయటి వస్తువు: తీగ, మేకు, సూది, ప్లాస్టిక్ కవర్లు. మొదటి కుప్పకి స్కానింగ్ దండగ. రెండో కుప్పకి చాలావరకు స్టెతస్కోపే చాలు. మూడో దాంట్లోనే అసలు తికమక అంతా.

తర్వాత, ఎంతసేపు ఆగొచ్చు? ఎడమకి జరిగిన నాలుగో పొట్ట రోజుల మీద ఆగుతుంది. కుడికి జరిగి మెలిపడితే గంటల లెక్క. అన్నం తిని పడిపోయిన ఆవుకీ గంటల లెక్కే. తీగ గుచ్చుకున్నదానికి రెండు మూడు రోజులు మందులతో చూసి, ఆ తర్వాత పరీక్షకి వెళ్ళే వ్యవధి ఉంటుంది.

ప్రయాణం సంగతి. చిత్తూరు నుంచి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి 70 కిలోమీటర్లు దాకా, కుప్పం వైపు నుంచైతే అంతకు రెట్టింపు దాటుతుంది. చాలా ఇళ్ళలో పరీక్ష ఖర్చు కన్నా వ్యాను బాడుగే బరువు. నిండు చూడి ఆవునీ, లేవలేని ఆవునీ అంత దూరం కుదిపితే అదో జబ్బు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫలితం ఏదొచ్చినా చేసే వైద్యం ఒకటే అయితే ఆ పరీక్ష అక్కర్లేదు. ఇది డాక్టర్లు మొహమాటానికి చెప్పరు గానీ, అడిగితే చెప్తారు. అడగండి.

## చెయ్యి, చెవి

ఖర్చు లేదు, పది నిమిషాల పని. అయినా ఎక్కువ కేసుల్లో జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఎడమ డొక్కలో పిడికిలి పెట్టి పెద్ద పొట్ట కదలికలు లెక్కపెట్టాలి. మామూలుగా రెండు నిమిషాలకి రెండు మూడు. ఆ తర్వాత తుంటి ఎముక నుంచి మోచేతి దాకా ఒక గీత ఊహించుకుని, ఆ గీత వెంట చివరి పక్కటెముకల మీద స్టెతస్కోపు ఆనించి, పక్కనే వేలితో గట్టిగా మీటాలి. గాలి, నీరు కలిసి బిగుసుకున్న పొట్ట ఉంటే ఖాళీ బిందె మీద మీటినట్టు టంగుమంటుంది. ఎడమ వైపు 9 నుంచి 13వ పక్కటెముక మధ్య ఈ శబ్దం వస్తే నాలుగో పొట్ట ఎడమకి జరిగిందని అనుమానం. కుడి వైపు అదే జాగాలో వస్తూ గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే స్కానింగ్ మాట ఎత్తకుండా ఆపరేషన్ చేయగలిగిన చోటికి బయల్దేరాలి. కుడి డొక్క పైభాగంలోనే వస్తే సీకం (పెద్దపేగు మొదట్లోని సంచి) ఉబ్బి ఉండొచ్చు.

తీగ అనుమానానికి రెండు పరీక్షలు. మూపు మీది చర్మాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కితే బాగున్న ఆవు నడుం కిందికి వంచుతుంది. కడుపు ముందు భాగంలో నొప్పి ఉన్నది వంచదు, మూలుగుతుంది. రెండోది, ఇద్దరు చెరో వైపు నిలబడి ఛాతీ ఎముక వెనక అడ్డంగా కర్ర పెట్టి మెల్లగా పైకెత్తి టక్కున వదలడం. మూడో మనిషి గొంతు మీద స్టెతస్కోపు పెట్టి మూలుగు వినాలి. ఆ మూలుగు బయటికి వినపడనంత చిన్నగా ఉంటుంది కాబట్టే మూడో మనిషి. తీగ గుచ్చుకుని వారం దాటిన ఆవు నొప్పికి అలవాటుపడి మూలగకపోవచ్చు, అందుకని మూలుగు రాలేదంటే తీగ లేదని కాదు.

మెడ నరం తాడులా ఉబ్బి, గంగడోలు కింద నీరు దిగి ఉంటే తీగ గుండె సంచి దాకా వెళ్ళినట్టే లెక్క. ఇక్కడ మాత్రం ఒక స్కానింగ్ చేయిస్తే మంచిది, ఎందుకో కింద చెప్తాం.

## రూమెన్ నీళ్ళు, పీహెచ్ కాగితం

పులుపు అనుమానానికి దీన్ని మించింది లేదు. నోటి ద్వారా గొట్టం వేసి రసం తీస్తే ముందు వచ్చే ఒక గ్లాసు పారబోయాలి. అందులో చొంగ కలిసి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) ఎక్కువ చూపిస్తుంది, పులిసిన పొట్ట కూడా బాగున్నట్టు కనపడుతుంది. తర్వాతి రసంలో కాగితం ముంచితే 6.2 నుంచి 7.2 మధ్య ఉండాలి. 5.5 కన్నా తక్కువైతే అసిడోసిస్. 5 కన్నా దిగి, ఆవు పడుకుని లేవకపోతే కడుపు కోసి సరుకు తీయడం గురించి అప్పటికప్పుడు మాట్లాడుకోవాలి. యూరియా ఎక్కువైతే పీహెచ్ 7.5 దాటి పోతుంది. రసం చుక్కని గోరువెచ్చని గాజు పలక మీద మైక్రోస్కోపులో చూస్తే ప్రోటోజోవా (కంటికి కనపడని జీవులు) ఈదుతూ కనపడాలి. ఒక్కటీ కదలకపోతే ఆరోగ్యంగా ఉన్న ఆవు రూమెన్ రసం తెచ్చి తాపడమే సగం వైద్యం.

## అయస్కాంతమూ, మెటల్ డిటెక్టరూ

చేతిలో పట్టుకునే డిటెక్టరు కూతపెట్టగానే రైతు ముఖం పాలిపోతుంది. నిజానికి ఇనుము కడుపులో పెట్టుకుని ఏ జబ్బూ లేకుండా తిరిగే ఆవులు బోలెడు. ఇనుము ఉందన్నంత వరకే అది చెప్తుంది. గుచ్చుకుందా, ఊరికే పడి ఉందా చెప్పదు. ఇనుముకే స్పందించే రకం డిటెక్టరు రాగి, అల్యూమినియం తీగలకి కూయదు. తీగల్ని పట్టి ఉంచడానికి ముందే అయస్కాంతం మింగించిన ఆవు మీద పెడితే కూత ఎలాగూ వస్తుంది.

కూత రాకపోతే మాత్రం కొంచెం విలువుంది: ఇనుప తీగ అనుమానం తగ్గుతుంది. అంతకు మించి దీని మీద డబ్బు పెట్టడం మా లెక్కలో అనవసరం. అదే డబ్బుతో నాలుగు అయస్కాంతాలు కొని మంద మొత్తానికి మింగించొచ్చు.

## ఎక్స్‌రే

పెద్ద ఆవు ఛాతీ వెనక భాగం దాటి చిత్రం రావాలంటే బలమైన యంత్రం కావాలి. చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలు కాళ్ళకి పనికొస్తాయి గానీ రెండో పొట్టకి (రెటిక్యులం) చాలవు. అంటే ఆవే ఆసుపత్రికి పోవాలి. 1955లో మొదలై ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న తిరుపతి కాలేజీ ఆసుపత్రి లాంటి చోట్లకి. బయల్దేరే ముందు పెద్ద పశువులకి ఎక్స్‌రే ఆ రోజు తీస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

దీని బలం తీగ ఎక్కడుందో, ఎలా ఉందో చూపడం. తేనెపట్టు గదుల్లాంటి రెండో పొట్ట (రెటిక్యులం) అడుగున అడ్డంగా పడి ఉన్న మేకు చాలాసార్లు నిరపాయం. అడుగుతో 30 డిగ్రీలకి మించి నిటారుగా నిలబడ్డదీ, అడుగుని వదిలి పైకి లేచి ఉన్నదీ గుచ్చుకున్నదని అనుమానించాలి. అయస్కాంతం వేసిన ఆవులో ఇంకో సులువుంది: తీగ అయస్కాంతానికి అతుక్కుని ఉంటే ఫర్వాలేదు, విడిగా నిలబడి ఉంటే గోడలో దిగినట్టు.

లోటు ఏమిటంటే గోడ చుట్టూ పట్టిన ఫైబ్రిన్ (వాపు వల్ల పేరుకునే పీచు), నీరు, అతుకులు ఇందులో సరిగ్గా తేలవు. ప్లాస్టిక్ అసలే కనపడదు. పట్టుకునే వాళ్ళకి సీసపు ఏప్రన్ లేకుండా తీయనివ్వొద్దు. గర్భిణులు ఆ గది దరిదాపుల్లో ఉండకూడదు.

## అల్ట్రాసౌండ్

ఆవు జీర్ణకోశం మీద ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా నిలబెట్టిన వాళ్ళలో ముందు పేరు జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉయెలి బ్రౌన్‌ది. ఆయన బృందం కొలిచి పెట్టిన లెక్కలే ఇవాళ అందరం వాడేవి.

శబ్ద తరంగం గాలిని దాటదు. ఈ ఒక్క మాట గుర్తుంటే స్కానింగ్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో సగం తెలిసిపోయినట్టే. రూమెన్ నిండా గాలీ గడ్డీ కాబట్టి గోడ తప్ప లోపల ఏమీ కనపడదు. రెటిక్యులం లోపలా అంతే, అందుకే తీగ కనపడదు. కానీ రెటిక్యులం గోడ, దాని బయటి వైపు, డయాఫ్రంతో (ఛాతీనీ కడుపునీ వేరు చేసే పొర) అతుకులు, నాలుగో పొట్ట, పేగు చుట్లు, లివర్, గుండె సంచి చక్కగా కనపడతాయి.

ఆవుని సిద్ధం చేయడం. నిలబడే, ట్రెవిస్‌లో (ఆవుని నిలబెట్టి కట్టే చట్రం). ఉపవాసం అక్కర్లేదు. మత్తుమందు జైలజీన్ ఇవ్వకూడదు. అది రెటిక్యులం కదలికలని అణిచేస్తుంది, లెక్కించడానికి వచ్చిన దాన్నే మనం ఆపేసినట్టవుతుంది. తన్నే ఆవైతే ముక్కుతాడు, తోక పైకెత్తి పట్టడం, అంతే. రెండు మోచేతుల వెనక నుంచి ఛాతీ ఎముక చివర దాకా, కింద కూడా, వెంట్రుకలు కత్తిరించి, ఆ పైన గొరగాలి. కడిగి, స్పిరిట్ తుడిచి, ఆరాక జెల్ దండిగా. వెంట్రుకల మీదే జెల్ పూసి చూస్తే మసక వస్తుంది, ఆ మసకనే నీరు అనుకున్న సందర్భాలుంటాయి. తడి స్పిరిట్ మీద ప్రోబ్ (చర్మానికి ఆనించే భాగం) పెడితే దాని రబ్బరు పాడవుతుంది.

రెటిక్యులం. 3.5 నుంచి 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్. ఛాతీ ఎముకకి ఎడమా కుడీ, 6, 7 పక్కటెముకల సందుల్లో కింది నుంచి. అర్ధచంద్రం ఆకారంలో నున్నటి గీత కనపడాలి. అక్కడే ప్రోబ్ కదపకుండా నాలుగు నిమిషాలు ఉండాలి. బాగున్న ఆవులో నిమిషానికి ఒకటి చొప్పున జంట ముడుచుకోవడం కనపడుతుంది: మొదటిసారి సగం ముడుచుకుని, పూర్తిగా సడలకుండానే రెండోసారి గట్టిగా ముడుచుకుని తెర మీంచి దాదాపు మాయమవుతుంది. మొదటి ముడుపే ఏడు సెంటీమీటర్లు దాకా జరుగుతుంది. కాబట్టి లోతు 15 సెంటీమీటర్లకి తగ్గకుండా పెట్టుకోవాలి.

తీగ గుచ్చుకున్న ఆవులో ఈ లెక్క తగ్గుతుంది, ముడుపు చిన్నదవుతుంది, అర్ధచంద్రం అంచు గరుకవుతుంది. గోడకీ డయాఫ్రానికీ మధ్య తెల్లటి పీచులు, వాటి మధ్య నల్లటి నీటి గుంటలు ఉంటే ఫైబ్రిన్. చుట్టూ మందపాటి తెల్లటి గోడ, లోపల మసక నలుపు ఉంటే చీము గడ్డ. గడ్డ రెటిక్యులం గోడకి అతుక్కుని ఉందో లేదో సర్జనుకి చాలా ముఖ్యం. అతుక్కుని ఉంటే రూమెన్ కోసి లోపలి నుంచే ఆ చీముని రెటిక్యులంలోకి వదిలేయొచ్చు.

కదలిక తగ్గిందని మాత్రమే రాసిన రిపోర్టుతో తీగ ఉందని తేల్చేయొద్దు. కాల్షియం తగ్గినా, జ్వరం ఎక్కువున్నా, అట్రోపిన్ ఇచ్చినా కదలిక తగ్గుతుంది. అలాగే గుచ్చుకున్న ఒకటి రెండు రోజుల్లో ఫైబ్రిన్ ఇంకా పెద్దగా పట్టదు. అప్పుడు తీసిన స్కానింగ్ బాగుందంటే రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడాల్సిందే.

గుండె సంచి. ఎడమ మోచెయ్యి ముందుకి లాగి 4, 5 సందుల్లో చూస్తే గుండె చుట్టూ నీరు, అందులో తేలే పీచులు ఇట్టే తెలుస్తాయి. ఇవి కనపడిన ఆవు మీద ఇంక ఆపరేషన్ ఖర్చు పెట్టకపోవడమే చాలాసార్లు సరైన నిర్ణయం. గంగడోలు వాచిన ఆవుకి స్కానింగ్ చేయించమన్నది ఇందుకే. రైతుకి పోగయ్యే అప్పుని ఆపడం కూడా పరీక్ష పనే.

నాలుగో పొట్ట. మామూలుగా అది ఛాతీ ఎముక చివర నుంచి ఒక జానెడు లోపు వెనక, కడుపు కింద మధ్యలో దొరుకుతుంది. ఎడమకి జరిగినప్పుడు ఎడమ చివరి మూడు పక్కటెముకల సందుల్లో, చర్మానికీ రూమెన్‌కీ మధ్య దూరి ఉంటుంది. పైన గాలి గీతలు, కింద మసక నీరు, అందులో అప్పుడప్పుడు కొడవలి వంపులా పొట్ట మడతలు. రూమెన్ లోపలి గాలి కూడా ఒక్కోసారి టంగుమంటుంది. చెవి తేల్చలేని ఆ చోట స్కానింగ్ రెండు నిమిషాల్లో తేలుస్తుంది. కుడి వైపు జరిగితే జరిగిందని చెప్పగలదు గానీ మెలిపడిందా లేదా నమ్మకంగా చెప్పలేదు. ఆ తేడా ఆవు నాడి, నీరసం, కోసినప్పుడు కనపడేది చెప్తాయి.

పేగులు. కుడి డొక్క, కుడి కింది భాగం. చుట్లు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల వెడల్పుతో నెమ్మదిగా కదులుతుండాలి. అంతకు మించి ఉబ్బి, కదలిక లేకుండా వరసగా కనపడితే అడ్డం ఉంది. ఆవు పొట్ట తన్నుకుని, తర్వాత మొద్దుబారి, పేడకి బదులు నెత్తుటి జిగురు పడుతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. చుట్టు లోపల చుట్టు కనపడితే సరి, కనపడకపోయినా ఉబ్బిన చుట్లు చాలు కోయడానికి.

చెడగొట్టేవి. ఉబ్బరానికి ఇంట్లో డొక్కలో సూది పొడిచి ఉంటే చర్మం కిందా కడుపులోనూ గాలి చేరి కొన్నాళ్ళు బొమ్మ రాదు. అప్పటికే ఒకసారి కోసిన ఆవులోనూ అంతే. బాగా కొవ్వు పట్టిన ఆవులో లోతు చాలదు. మే నెల ఎండలో పాకలో నిలబెట్టి చూస్తే తెర మీద ఏమీ కనపడదు, నల్ల గుడ్డ కప్పుకుని చూడాలి. పుంగనూరు పొట్టి ఆవైతే ఈ కష్టాలు సగం ఉండవు, తరంగం పోవాల్సిన లోతే తక్కువ.

## కోసి చూడడం

దీన్ని ఓటమిగా చూస్తారు గానీ, పరీక్షా వైద్యమూ ఒకే చోట అయ్యేది ఇదొక్కటే. తిరుపతి వీధుల్లో తిరిగే ఆవులకి, గోశాలలకి వచ్చే వాటికి కడుపు నిండా కవర్లే అనుమానం. అక్కడ స్కానింగ్, ఎక్స్‌రే రెండూ చేతులెత్తేస్తాయి. ఎడమ డొక్క మెత్తటి పిండి ముద్దలా తగులుతూ, నెలల తరబడి చిక్కుతూ, అప్పుడప్పుడు ఉబ్బుతున్న ఆవుకి నేరుగా రూమెనోటమీయే (రూమెన్ కోసి లోపలిది తీయడం) దారి. లోపల చెయ్యి పెట్టినప్పుడు రెటిక్యులం అడుగంతా తడిమి రావడం మరవకూడదు. ప్లాస్టిక్ ఉన్న కడుపులో తీగ కూడా ఉండడం మామూలే.

## ఒక చూపులో

| అనుమానం | ముందు చేయాల్సింది | స్కానింగ్ | ఎక్స్‌రే |
|---|---|---|---|
| అన్నం, మామిడి తొక్కు తిని పులుపు | పీహెచ్ కాగితం | అనవసరం | అనవసరం |
| తీగ, కొత్తగా | మూపు నొక్కడం, కర్ర | మామూలుగా ఉన్నా నమ్మొద్దు | తీగ స్థానం తెలుస్తుంది |
| తీగ, వారం దాటింది | అవే, జ్వరం | బాగా పనికొస్తుంది | తోడుగా మంచిది |
| గుండె సంచి | మెడ నరం, గంగడోలు | అన్నిటికన్నా మెరుగు | తక్కువ |
| నాలుగో పొట్ట ఎడమకి | టంగు శబ్దం | చెవి తేల్చనప్పుడు | వద్దు |
| కుడికి, మెలి | శబ్దం, నాడి | వద్దు, దీనికోసం ఆలస్యం చేయొద్దు | వద్దు |
| ప్లాస్టిక్ | డొక్క తడమడం | తేల్చదు | కనపడదు |
| ఎనుములో (గేదెలో) డయాఫ్రం చిల్లు | మళ్ళీ మళ్ళీ ఉబ్బరం | ఛాతీలో రెటిక్యులం కదలిక | బాగా తెలుస్తుంది |

## ఎవరికి ఏది

రెండు మూడు సంకర జాతి ఆవులున్న పలమనేరు, పుంగనూరు వైపు రైతు ముందు స్థానిక డాక్టరుతో గానీ, 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనంతో గానీ చెయ్యి-చెవి పరీక్ష, పీహెచ్ చేయించుకోవాలి. తీగ అనుమానం గట్టిగా ఉంటే అయస్కాంతం, యాంటీబయాటిక్, ముందు కాళ్ళు ఎత్తులో ఉండేలా కట్టేయడం. మూడు రోజుల్లో తిండి మీదికి రాకపోతే అప్పుడు తిరుపతి ప్రయాణం. ఆ రోజు స్కానింగ్, ఎక్స్‌రే రెండూ కుదిరే చోటికే వెళ్ళండి. ఒక్కటే కుదిరితే స్కానింగ్ మేలు, ఎందుకంటే బతికే అవకాశం గురించి అదే ఎక్కువ చెప్తుంది.

ఎనుములకి వేరే సలహా. ఈనిన తర్వాత మళ్ళీ మళ్ళీ ఉబ్బి, సూది పొడిస్తే తగ్గి, తిరిగి ఉబ్బే ఎనుముకి రెటిక్యులం డయాఫ్రం దాటి ఛాతీలోకి జారి ఉండొచ్చు. 4, 5 సందుల్లో గుండె పక్కన ముడుచుకునే గోడ కనపడితే అదే. ఎక్స్‌రేతో రూఢి చేసుకుంటే మంచిది. దీనికి ఉత్త రూమెనోటమీ చాలదు, చిల్లు కుట్టాలి.

చూడి చూడ్డానికి కొన్న యంత్రం చేతిలో ఉన్న ఫీల్డు డాక్టరుకి: మలద్వారం ప్రోబ్‌తోనే రెటిక్యులం గోడ చూడొచ్చు, అది చర్మానికి దగ్గరే. ప్రోబ్‌ని అత్యల్ప ఫ్రీక్వెన్సీకి, యంత్రాన్ని గరిష్ఠ లోతుకి మార్చుకోండి. ఫైబ్రిన్, నీరు తెలుస్తాయి. కానీ ముడుచుకున్నప్పుడు గోడ తెర దాటిపోతుంది, బొమ్మ కూడా ఇరుకు. కదలిక లేదని దాంతో రాయకండి, తిరిగి వచ్చిన సార్లు లెక్కపెట్టండి. చీము గడ్డ లోతుగా ఉంటే తప్పిపోతుంది.

కొత్తగా కొనే వాళ్ళు చూడికీ కడుపుకీ ఒకే పెట్టె కావాలంటే ప్రోబ్ మార్చుకునే వీలున్నది, వంపు ప్రోబ్ 3.5 మెగాహెర్ట్జ్ దాకా దిగేది, లోతు 20 సెంటీమీటర్లు చూపేది అడగాలి. చిన్న యంత్రాల్లో వీడియో కొన్ని సెకన్లకి మించి నిలవదు. నాలుగు నిమిషాల కదలిక రికార్డు కావాలంటే తెరని ఫోన్‌తో తీయడమే సులువు.

తిరుపతికి బయల్దేరుతుంటే డొక్కలో సూదులు గుచ్చించకండి, మత్తు ఇంజెక్షన్ వేయించకండి. ఇచ్చిన మందుల చీటీ, అయస్కాంతం వేసిన తేదీ, ఈనిన తేదీ తీసుకెళ్ళండి. అయస్కాంతం సంగతి చెప్పకపోతే ఎక్స్‌రేలో వేలెడు పొడవు ఇనుప ముక్క చూసి అందరూ కాసేపు కంగారుపడతారు.